సూక్ష్మజీవి పైపొరపై పరాయి తునక

టీకా యనగా రోగమును కొద్దిగా శరీరమున ప్రవేశపెట్టుటయే కదా యని తల్లిదండ్రులు కొందరు మమ్ము ప్రశ్నించుచుందురు. ప్రశ్న అసమంజసము కాదు. పిల్లల నోటిలో వేయు పోలియో చుక్కలలో నున్నది బలము తగ్గించిన సజీవ వైరసే. వైరసును విడిచి దాని గుర్తును మాత్రమే శరీరమునకు చూపవచ్చునా యను యోచనతో జరిగిన ప్రయత్నములలో నొకదానిని ఇచ్చట వివరింపదలచితిమి.

మన ప్రేవులలో ఎషెరీషియా కోలై అను బాక్టీరియా నివసించును. అందు చాలరకములు హానిచేయనివి. దాని పైపొరలో లామ్‌బి అను మాంసకృత్తు కలదు; మాల్టోజు అను చక్కెర లోనికి పోవుటకు అది ద్వారము. మాంసకృత్తు ఎమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. అట్టి పూసల చిన్న వరుసయే పెప్టైడు. పూసల వరుసను నిర్ణయించునది జన్యువు. కావున జన్యువులో క్రొత్త వ్రాత చేర్చినచో ద్వారములోనే పరాయి తునక అమరును.

1986లో పారిస్ నగరమందలి పాస్టర్ సంస్థలో అలెన్ షార్బీ, మోరిస్ ఓఫ్నుంగ్ ప్రభృతులు పోలియో వైరసు పైతొడుగులోని 11 ఎమైనో ఆమ్లముల తునకను ఇట్లు లామ్‌బిలో చేర్చిరి. చిక్కంతయు చోటు నెన్నుటలోనే యున్నది. తునక లోవైపునకు తిరిగినచో ఎవరికిని కనబడదు. తోరణమును పెరటిలో కట్టిన నేమి లాభము? అడ్డముగా కూర్చున్నచో ద్వారమే చెడును. వారెన్నిన చోట ద్వారము చెడలేదు. ఆ తునకను గుర్తించు ప్రతిరక్షకమును కలుపగా, అది చెక్కుచెదరని బాక్టీరియాకు వెలుపలివైపున అంటుకొనెను. బాక్టీరియా పోలియో వేషము వేసినదే గాని, అందు పోలియో లేదు. ఆ పదునొకండు పూసలతో ఏ బిడ్డ కాలును చచ్చుపడదు.

ఈ ఉపాయము టీకాలకే పరిమితము కాలేదు. 1996లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు లామ్‌బిలోనే హిస్టిడిన్ పూసలను చేర్చి, కాడ్మియమను విషలోహమును బాక్టీరియా అధికముగా పట్టుకొనునట్లు చేసిరి.

అయితే పిల్లల పోలియో టీకా ఈ మార్గమున రాలేదు. వైరసుపై నున్న తునకను విడదీసి వేరొకచోట అమర్చినపుడు, దాని సహజాకృతి అట్లే నిలుచునను నమ్మకము లేదు. కావున క్రొత్తది వచ్చువరకు ఆగుదమని ఎవరును తలపరాదు. 2011 జనవరిలో హౌరాలో ఒక బాలికకు సోకినదే మన దేశమున సహజ పోలియో వైరసు తుదిసారి కనబడుట. అంతవరకు పనిచేసినవి ఆ పాత చుక్కలే. ప్రవేశమునకు వచ్చునపుడు పిల్లల టీకా చీటీలను తప్పక తీసికొని రాగోరెదము. అవి కన్నడమున నున్నను మాకు అభ్యంతరము లేదు.