48 కిలోల మేరీ, 50 కిలోల నిఖత్: గెలుపెవరిది?

వేర్వేరు కొలతల్ని పోల్చే ఈ లెక్క సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగువారికి కొత్త కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వెళ్లి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల్లో పెద్దవాళ్లు నూలును కౌంటులో కొలిచారు. సూరత్ పాలిస్టర్ దారానికి మాత్రం డెనియర్ కొలత. కౌంటు పెరిగితే దారం సన్నబడుతుంది, డెనియర్ పెరిగితే లావెక్కుతుంది. మరి 40 కౌంటు నూలు, 75 డెనియర్ దారం పక్కపక్కన పెడితే ఏది సన్నం? అంకెల్ని మాత్రమే చూస్తే తేలదు. అందుకో సూత్రముంది. 5,315ని కౌంటుతో భాగిస్తే డెనియర్ వస్తుంది. ఆ లెక్కన 40 కౌంటు నూలు సుమారు 133 డెనియర్. కాబట్టి 75 డెనియర్ దారమే సన్నం. తగువు తీరింది.

వేర్వేరు కాలాల బాక్సర్లను ఎదురెదురు నిలబెట్టడానికి అలాంటి 5,315 ఏదైనా ఉందా? అలీ గెలుస్తాడా, టైసన్ గెలుస్తాడా అని ప్రపంచమంతా కొట్టుకుంటుంది. మనకు అంతకంటే దగ్గరి జోడీ ఉంది: మణిపూర్ మేరీ కోమ్, నిజామాబాద్ నిఖత్ జరీన్.

పతకాలు లెక్కపెడితే వాదనే లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మేరీకి ఆరు స్వర్ణాలు (2002, 2005, 2006, 2008, 2010, 2018), ఒక రజతం, ఒక కాంస్యం. నిఖత్‌కి రెండు స్వర్ణాలు: 2022లో ఇస్తాంబుల్, 2023లో ఢిల్లీ. కానీ మేరీ రజతం గెలిచిన 2001 స్క్రాంటన్ పోటీలకు వచ్చినవి 30 దేశాలు. నిఖత్ గెలిచిన ఇస్తాంబుల్‌కు 70కి పైగా దేశాలు వచ్చాయి. పైగా మేరీ స్వర్ణాలన్నీ 45 నుంచి 48 కిలోల మధ్యవి, నిఖత్‌వి 52, 50 కిలోలవి. ఒకరు తొలి బాట వేశారు, ఇంకొకరు రద్దీ పెరిగిన రోడ్డు మీద బండి నడిపారు. ఏది కష్టమంటే ఎవరి అభిమాని వారి జవాబు చెబుతారు.

ఈ జోడీ పూర్తిగా ఊహ కూడా కాదు. ఒలింపిక్ అర్హత పోటీలకు సెలక్షన్ ట్రయల్ లేకుండానే మేరీని పంపే ఆలోచన జరుగుతుంటే, 2019 అక్టోబరులో నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరెన్ రిజిజుకు లేఖ రాసి ట్రయల్ అడిగింది. అదే ఏడాది డిసెంబరు 28న ఢిల్లీలో 51 కిలోల విభాగంలో ఇద్దరూ తలపడ్డారు. మేరీ 9-1తో గెలిచింది. బౌట్ అయ్యాక చేయి కూడా కలపలేదు. తగువు అక్కడితో ముగియాలి కదా? ముగియదు. ఆ రోజు మేరీకి 36 దాటాయి, నిఖత్‌కి 23. ఒకరు తమ శిఖరం దిగి వస్తున్నారు, ఇంకొకరు తమ శిఖరానికి ఇంకా రెండున్నరేళ్ల దూరంలో ఉన్నారు. ఇద్దరి ఉత్తమ రోజులు ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ఇలాంటప్పుడు లెక్కలవాళ్లు పట్టుకునేది ఉమ్మడి ప్రత్యర్థిని. చదరంగం రేటింగ్‌కి అర్పాద్ ఎలో వేసిన పునాది కూడా ఇలాంటి తర్కమే. ఒక ప్రత్యర్థిపై మొదటి బాక్సర్ పదికి 8 సార్లు గెలుస్తుందనుకుందాం, అంటే గెలుపు ఓటముల నిష్పత్తి 4. అదే ప్రత్యర్థిపై రెండో బాక్సర్ పదికి 6 సార్లు, అంటే నిష్పత్తి 1.5. నాలుగును ఒకటిన్నరతో భాగిస్తే 2.67. అంటే ఇద్దరూ నేరుగా తలపడితే మొదటి బాక్సర్ గెలిచే అవకాశం సుమారు 73 శాతం. ఎలో పద్ధతిలో 400 పాయింట్ల తేడా అంటే ఆ నిష్పత్తి 10 అని అర్థం.

మేరీ, నిఖత్‌లకు అలాంటి ఉమ్మడి ప్రత్యర్థులు ముగ్గురు దొరుకుతారు. థాయ్‌లాండ్ జుటామస్ జిట్‌పాంగ్‌ను మేరీ 2019 ప్రపంచ పోటీల్లో 5-0తో ఓడించింది. నిఖత్ 2022 ఫైనల్లో ఆమెనే 5-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఇక్కడ సమానం. తుర్కియే బాక్సర్ బుసె నాజ్ చాకిరోలు చేతిలో మేరీ 2019 సెమీస్‌లో 1-4తో ఓడింది. నిఖత్ 2022 స్ట్రాంజా టోర్నీలో ఆమెపై 4-1తో గెలిచింది. ఇక్కడ నిఖత్ పైచేయి. కొలంబియా ఇంగ్రిట్ వాలెన్సియాపై మేరీ 2019లో 5-0తో గెలిచి, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో 2-3తో ఓడింది. నిఖత్ 2023 ప్రపంచ సెమీస్‌లో ఆమెపై 5-0తో గెలిచింది. మళ్లీ నిఖతే.

మూడింట్లో రెండు నిఖత్ వైపు మొగ్గాయి. కానీ ఏ మేరీతో పోల్చాం? 2019, 2021 మేరీతో. 2006లోనో 2010లోనో రింగ్‌లో చెలరేగిన మేరీ ఈ గొలుసులో ఎక్కడా లేదు. ఆమె అప్పటి ప్రత్యర్థులతో నిఖత్ తలపడే అవకాశమే రాలేదు.

గొలుసు ఎంత మోసం చేస్తుందో చూడాలంటే హెవీవెయిట్‌లోకి వెళ్లాలి. 1955 సెప్టెంబరులో రాకీ మార్సియానో ఆర్చీ మూర్‌ను తొమ్మిదో రౌండ్‌లో పడగొట్టాడు. 1962 నవంబరులో, అప్పటికింకా కాసియస్ క్లేగా ఉన్న అలీ అదే మూర్‌ను నాలుగో రౌండ్‌లోనే ముగించాడు. తొమ్మిది కంటే నాలుగు తక్కువ కాబట్టి అలీ మేలా? రెండు పోటీల మధ్య మూర్‌కు ఏడేళ్లు మీద పడ్డాయి, అప్పటికే నలభై దాటాడు. పేరొక్కటే, మనిషి మారాడు. అలీ నుంచి టైసన్‌కు వెళ్లే గొలుసులోనూ ఇదే చిక్కు. 1980లో 38 ఏళ్ల అలీని లారీ హోమ్స్ ఓడించాడు, 1988లో 38 ఏళ్ల హోమ్స్‌ను టైసన్ నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు.

వయసు ఇబ్బంది లేకపోయినా శైలి లెక్కకు అడ్డుపడుతుంది. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. 1974లో కిన్షాసాలో అలీ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో ముగించాడు. ఒక్కో బాక్సర్‌కు ఒక్క అంకె ఇచ్చే ఏ రేటింగూ ఈ మూడింటినీ ఒకేసారి సరిగ్గా చెప్పలేదు. పోనీ బరువును నమ్ముదామా? 1919లో 85 కిలోల జాక్ డెంప్సీ 111 కిలోల జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు.

అయినా కంప్యూటర్‌ను అడగాలన్న ఆశ మనిషిని వదల్లేదు. 1967లో అమెరికా నిర్మాత మర్రే వోరోనర్ 16 మంది చాంపియన్ల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించి, వచ్చిన ఫలితాలను రేడియోలో పోటీలుగా నడిపాడు. అందులో తాను జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు రావడంతో మండిపడ్డ అలీ పది లక్షల డాలర్ల దావా వేశాడు. ఆ గొడవ చివరికి సినిమాగా మారింది. 1969లో అలీ, మార్సియానో నిజంగానే రింగ్‌లోకి దిగి నటించారు. అప్పటికి పోటీలు మాని 13 ఏళ్లయిన మార్సియానో ఇందుకోసం బరువు తగ్గి, విగ్గు కూడా పెట్టుకున్నాడు. పలు ముగింపులు చిత్రీకరించి, ఫలితం చివరిదాకా ఇద్దరికీ చెప్పలేదు. 1970 జనవరి 20న తెరపై మార్సియానో 13వ రౌండ్ నాకౌట్‌తో గెలిచాడు. అది చూసే భాగ్యం అతనికి లేదు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. నాకైతే అది లెక్క అనిపించదు, మంచి వ్యాపారం అనిపిస్తుంది. యంత్రానికి ఏ లక్షణానికి ఎన్ని మార్కులు వేయాలో మనుషులే కదా చెప్పింది!

మళ్లీ మన జోడీ దగ్గరకొస్తే, నూలు చిక్కు అసలు ఉన్నది స్కోరులోనే. 2012 లండన్ ఒలింపిక్స్ సెమీస్‌లో మేరీ బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది. అవి కంప్యూటర్ మీట నొక్కి లెక్కపెట్టిన పంచ్‌లు. నిఖత్ 5-0 అంటే పంచ్‌లు కావు, ఐదుగురు జడ్జీల తీర్పులు. ఇస్తాంబుల్ ఫైనల్లో ఆ ఐదుగురిలో ముగ్గురు ఇచ్చింది 29-28 మాత్రమే. అంటే వాళ్ల లెక్కలో తేడా ఒక్క రౌండే. 5-0 చూసి ఏకపక్షమనుకుంటే పొరపాటు. నిడివీ మారింది. లండన్‌లో మహిళలకు రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు, ఇప్పుడు మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. మొత్తంలో తేడా నిమిషమే. కానీ రౌండ్ సాగేకొద్దీ చివరి నిమిషం పొడవాటి చేతులవాళ్లకు, నిలకడగా జాబ్ వేసేవాళ్లకు కలిసొస్తుంది. దూసుకొచ్చి గుప్పెడు పంచ్‌లు కొట్టి తప్పుకునే మేరీ పద్ధతికి చిన్న రౌండ్లే అనుకూలం.

ఇక బరువు. మేరీ అసలు బలం 46, 48 కిలోల్లో. లండన్‌లో మహిళలకు ఉన్న అతి తక్కువ విభాగం 51 కాబట్టి అక్కడికి ఎక్కింది. అక్కడ ఆమె తేలిపోయిందని అనలేం, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో 51లోనే స్వర్ణం గెలిచింది. అయినా ఆమె ఆరు ప్రపంచ స్వర్ణాల్లో ఒక్కటీ ఆ బరువులో లేదు. నిఖత్ 52 నుంచి 50కి దిగి గెలిచింది. 48కి దిగాలంటే ఒంట్లో సత్తువ కరిగించుకోవాలి.

కాబట్టి ఎవరైనా ఈ వాదన లేవదీస్తే ముందు మూడు అడగండి: ఏ బరువు, ఏ ఏటి మనిషి, ఏ నిబంధనలు? అవి చెప్పకుండా ఇచ్చే జవాబుకు విలువ లేదు. నా అంచనా మాత్రం ఇది, సూత్రం లేని అంచనా. 48 కిలోలు, రెండు నిమిషాల రౌండ్లు, పంచ్‌ల లెక్క, 2010 మేరీ అయితే పదికి ఏడుసార్లు మేరీదే గెలుపు. 50 కిలోలు, మూడు నిమిషాల రౌండ్లు, జడ్జీల తీర్పు, 2023 నిఖత్ అయితే పదికి ఆరుసార్లు నిజామాబాద్ అమ్మాయిదే.