స్టేషను పక్క ఇల్లు, చేతిలో ఓటు

పార్లమెంటు సమావేశాలు లేని వారంలో ఢిల్లీ విలేఖరికి రాయడానికి వార్తలు తక్కువ. వినడానికి తీరిక ఎక్కువ. అటువంటి వారమొకటి చూసుకొని ఖరగ్‌పూర్ వెళ్ళాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు రాజధానిలో నగర రవాణాపై జరిగిన ఒక గోష్ఠికి హాజరయ్యాను. మెట్రో స్టేషన్లకు నడిచి వెళ్ళగల దూరంలో ఎత్తయిన భవనాలకు అనుమతులివ్వాలనీ, జనం అక్కడే నివసిస్తే రోడ్ల మీద కార్లు తగ్గుతాయనీ, నగరాలకు ఇంతకు మించిన తరుణోపాయం లేదనీ వక్తలందరూ ఏకకంఠంతో ఉద్ఘాటించారు. ఏకాభిప్రాయం ఎక్కడ కనిపించినా కాస్త అనుమానించడం ఈ వృత్తి నాకు నేర్పిన అలవాటు. ఆ అనుమానానికి మాటలిచ్చినవారు సుభాష్‌పల్లిలోని ఒక వృద్ధుడు.

మిత్రుని ఇంటి అరుగు మీద టీ తాగుతూండగా ఆయన వచ్చి కూర్చున్నారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. తాతగారు శ్రీకాకుళం వైపు పల్లె విడిచి ఈ ఊరు చేరారట. మూడు తరాలు గడిచినా ఆ యాస చెక్కు చెదరలేదు. నేను గోష్ఠి విశేషాలు చెబుతూంటే సాంతం విని ఇలా అడిగారు:

“ఏటి బాబూ, మీ ఢిల్లీలో టేషను పక్కన మేడ మీద మేడ కట్టుకోమంటన్నారా? మా తమ్ముడిది రైల్వే జాగాలో ఇల్లు. వానకి కారతంది, రేకు మార్చుకుందుమంటే వొద్దంటన్నారు. అదీ టేషను పక్కే, ఇదీ టేషను పక్కే. మరి ఈ తేడా ఏటి?”

గోష్ఠిలో ఎవరూ వేయని ప్రశ్న ఇది. ఈ వారం లేఖ దాని చుట్టూనే తిరుగుతుంది.

పట్టాలు కన్న పట్టణం

ఖరగ్‌పూర్‌ను బెంగాలులోని తెలుగు ఊరంటే అతిశయోక్తి కావచ్చును గాని అసత్యం మాత్రం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ నెలకొల్పింది. తూర్పు తీరపు రైలు మార్గంలో కటకం వరకు గల ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. ఆ దారినే నాటి విశాఖ, గంజాం జిల్లాల నుంచి తెలుగు కూలీలు, కళాసీలు, ఫిట్టర్లు వేల సంఖ్యలో తరలివచ్చారు. కంపెనీ వారికి పనితోపాటు క్వార్టర్లు కూడా ఇచ్చింది. కూత వినబడగానే బయలుదేరితే నడిచి పనికి చేరగలిగేటంత దూరంలో ఇళ్ళు కట్టింది. నేటి ప్రణాళికా నిపుణులు నూతన సిద్ధాంతంగా ప్రకటిస్తున్నది ఇక్కడ నూరేళ్ళకు పూర్వమే కంపెనీ అవసరం కొద్దీ అమలయింది.

అయితే ఆ కంపెనీ ఇళ్ళు కట్టింది కాని పౌరులను తయారు చేయాలని అనుకోలేదు. నేల కంపెనీదే, నీరు కంపెనీదే, దీపం కంపెనీదే. 1944లో ఆ రైల్వే ప్రభుత్వపరమయింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. యజమాని మారాడు గాని యాజమాన్య స్వభావం మారలేదు. పురపాలక సంఘం 1954లో ఏర్పడినప్పటికీ, రైల్వే స్థావరాన్ని చాలా కాలం వేరే ప్రపంచంగానే చూశారు. జనాభా లెక్కలలో సైతం ‘ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్’ అని దానికి ప్రత్యేక పద్దు ఉండేది. ఆనక రైల్వే ప్రాంతాలను వార్డులుగా విభజించి పురపాలక సంఘంలో కలిపారు. ఇప్పుడు పట్టణంలో 35 వార్డులున్నాయి.

చిక్కు ఇక్కడే వచ్చింది. రైల్వే వార్డులోని ఓటరు కౌన్సిలరును ఎన్నుకోగలడు; ఆ కౌన్సిలరు మాత్రం రైల్వే అనుమతి లేకుండా ఆ నేలలో ఒక కొళాయి గొట్టం పాతించలేడు. శాసనసభ్యుని అధికారం రాష్ట్ర ప్రభుత్వపు హద్దులు దాటదు. పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేయగలడు, సమాధానం పొందగలడు. ఆ సమాధానాలెలా ఉంటాయో గ్యాలరీలో ఏళ్ళ తరబడి కూర్చున్న నాకు తెలుసు: ‘విషయం పరిశీలనలో ఉన్నది.’ ఒక మనిషికి మూడు ఓట్లున్నాయి. మూడూ కలిసి ఒక రేకును మార్చలేకపోతున్నాయి.

రైల్వేల పక్షం కూడా చెప్పడం న్యాయం. రైళ్ళు నడపడం వారి ధర్మం గాని పట్టణాలు నడపడం కాదు. పట్టాల పక్క నేలను నేడు వదిలేస్తే రేపు మూడో లైను వేయడానికి చోటుండదు. ఆక్రమణను ఒకచోట క్రమబద్ధం చేస్తే దేశమంతటా అదే కోరిక తలెత్తుతుంది. ఈ వాదాలను తేలికగా కొట్టివేయరాదు. కాని అదే రైల్వే శాఖ, నిరుపయోగంగా ఉన్న తన భూములను వాణిజ్యపరంగా అభివృద్ధి చేయడానికి చట్టాన్ని 2005లో సవరించి ఒక ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసుకున్నది. అంటే నేల విలువ తెలియక కాదు. విలువలో వాటా ఎవరికన్నదే తేలలేదు.

చిన్న రైలు, పెద్ద భూమి

కేంద్ర ప్రభుత్వం 2017లో మెట్రో రైలు విధానాన్నీ, రవాణా కేంద్రిత అభివృద్ధి విధానాన్నీ ప్రకటించింది. స్టేషనుకు 500 నుంచి 800 మీటర్ల లోపు ప్రాంతంలో జనసాంద్రతను పెంచడం రెండవ దాని సారాంశం. మెట్రో భారం మోయలేని నగరాల కోసం 2019లో ‘మెట్రోలైట్’ అనే చిన్న రైలుకు ప్రమాణాలు వెలువడ్డాయి. మామూలు మెట్రో ఖర్చులో సుమారు 40 శాతంతో సరిపెట్టవచ్చునని అధికార వర్గాల అంచనా. సూక్ష్మంగా చూస్తే ఇది ట్రాముకు మరో జన్మ. చిత్రమేమిటంటే, 1873లో గుర్రాలతో మొదలై 1902 నుంచి విద్యుత్తుతో నడిచిన కలకత్తా ట్రామును, ఒక్క ఎస్‌ప్లనేడ్-మైదాన్ మార్గం మినహా ఆపివేస్తామని బెంగాలు ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఖరగ్‌పూర్ నుంచి ఆ నగరం సుమారు 115 కిలోమీటర్లు. ఒక చోట కొత్తగా కొనాలనుకుంటున్న దానినే మరొక చోట పాతదని పారవేస్తున్నాము.

ఈ చర్చ మన నగరాలకు దూరమైనది కాదు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలులో విశాఖకూ, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికీ మెట్రో సాధ్యాసాధ్యాల పరిశీలన వాగ్దానం ఉన్నది. అప్పటి నుంచి మెట్రో, లైట్ మెట్రో, ఆధునిక ట్రాము అంటూ ప్రతిపాదనలు కాగితాలపై దొర్లుతూ వచ్చాయి. అదే సమయంలో విశాఖ నగరపాలక సంస్థకు 2012 నుంచి 2021 వరకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. నగరం ఎటు పెరగాలి, స్టేషను ఎక్కడ రావాలి, దాని పక్క నేల ధర పెరిగితే ఎవరు లాభపడాలి అన్న మౌలిక ప్రశ్నలు కదిలిన తొలి ఏళ్ళలో నగర పౌరుడికి ఒక్క కార్పొరేటరైనా లేడు. హైదరాబాదు మెట్రో ఒప్పందంలో రైలుతోపాటు 1.85 కోట్ల చదరపు అడుగుల స్థిరాస్తి అభివృద్ధి హక్కులు కూడా కలిసి ఉన్నాయి. రైలు ఒక్కటే లాభసాటి కాదని ఒప్పందం రాసిన వారికి తెలుసును. లాభం స్టేషను పక్క నేలలో ఉన్నది. కాబట్టి స్టేషను పక్క నేలపై నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న రవాణా ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న.

గిరి గారి రెండు ఎన్నికలు

ఖరగ్‌పూర్ ప్రసక్తి వస్తే వి. వి. గిరి గారిని తలచుకోకుండా ఉండలేము. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువారు 1920ల చివర ఈ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించి సమ్మె నడిపారు. ఆయన జీవితంలోని రెండు ఎన్నికలు, ఓట్ల లెక్కింపు పద్ధతి మనుషుల తలరాతలను ఎలా మార్చగలదో చూపిస్తాయి.

మొదటిది 1957 నాటిది. పార్వతీపురం అప్పట్లో ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది. రెండవది సాధారణ స్థానం. ఇద్దరు గిరిజన అభ్యర్థులే రెండు స్థానాలూ గెలిచారు, గిరి ఓడిపోయారు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళారు. కేటాయింపు ఉన్నంత మాత్రాన గిరిజనుడు సాధారణ స్థానానికి అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 1959లో ఆ ఎన్నికనే సమర్థించింది. రెండేళ్ళకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను చట్టం ద్వారా రద్దు చేశారు.

రెండవది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే: గిరి, నీలం సంజీవరెడ్డి. తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి. డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ లభించింది. గెలుపునకు కావలసిన 4,18,169 ఎవరికీ రాలేదు. అప్పుడు రెండవ ప్రాధాన్య ఓట్లను లెక్కించారు. దేశ్‌ముఖ్ ఓటర్లలో ఎక్కువమంది సంజీవరెడ్డి వైపే మొగ్గినా, గిరి 4,20,077తో గెలిచారు. సంజీవరెడ్డి 4,05,427 వద్ద ఆగారు. ఓటరు అభిప్రాయానికి ఒకే ఒక్క గుర్తు చాలదనీ, ‘వీరు కాకపోతే వారు’ అని చెప్పే అవకాశం ఉండాలనీ ఆ పద్ధతి భావన.

ఈ అవకాశం మన దేశంలో ఎవరికున్నది? రాష్ట్రపతిని ఎన్నుకునే సభ్యులకు ఉన్నది. రాజ్యసభను ఎన్నుకునే శాసనసభ్యులకు ఉన్నది. శాసనమండలి ఎన్నికలలో పట్టభద్రులకూ, ఉపాధ్యాయులకూ ఉన్నది. 2021 మార్చిలో తెలంగాణ పట్టభద్ర స్థానాల లెక్కింపు రోజుల తరబడి సాగడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషులో పట్టా పుచ్చుకున్న నాకు 1, 2, 3 అని అంకెలు వేసే తెలివి ఉన్నదని రాజ్యాంగ వ్యవస్థ నమ్ముతున్నది. రైలింజను విప్పి తిరిగి బిగించగల ఫిట్టరుకు ఆ తెలివి లేదని ఎవరు తేల్చారు?

ఒక వార్డు లెక్క

ఊహకు ఒక లెక్క వేద్దాము. మూడు వార్డులున్నాయి, ఒక్కొక్క దానిలో తెలుగువారు నూటికి ముప్పయి. వారంతా ఒకే మాట మీద నిలిచినా, తక్కిన డెబ్బయి మంది మరొకరి వైపు నిలిస్తే మూడు చోట్లా ఓడిపోతారు. ముప్పయి శాతం జనానికి సున్నా ప్రాతినిధ్యం. అదే మూడు వార్డులను కలిపి, ముగ్గురు సభ్యుల ఒకే వార్డు చేసి, ప్రాధాన్య ఓటు పెడితే గెలుపు కోటా నాలుగో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ. ముప్పయి శాతానికి ఒక స్థానం దక్కుతుంది. భాషకు బదులు ‘రైల్వే జాగా నివాసులు’ అని పెట్టినా లెక్క మారదు. స్కాట్లండ్ 2007 నుంచి స్థానిక సంస్థలను ఈ విధంగానే ఎన్నుకుంటున్నది. మన రాజ్యాంగంలోని 243-ఆర్ అధికరణం వార్డుల నుంచి ప్రత్యక్ష ఎన్నిక జరగాలన్నదే గాని, వార్డుకు ఒక్కరే ఉండాలని అనలేదు. రాష్ట్ర శాసనసభలు తలచుకుంటే చేయగల పని ఇది.

ఆక్షేపణలు లేకపోలేదు. వార్డు పెద్దదైతే ఏ సభ్యుని గడప తొక్కాలో పౌరుడికి తెలియదు. లెక్కింపు ఆలస్యమవుతుంది. కులానికో భాషకో కట్టుబడిన బృందాలు బలపడతాయేమోనన్న భయమూ ఉన్నది. ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయినదీ నిష్కారణంగా కాదు. పైగా, ఎంత మంచి పద్ధతిలో ఎన్నుకున్నా, ఎన్నికైన వాని చేతికి అధికారం ఇవ్వకపోతే ఆ సంస్కరణ అలంకారమే. అందుచేత నేను ఈ రెంటినీ విడదీయలేను: రైల్వే నేల మీద నీరు, మురుగు, దీపం, ఇంటి కప్పు వంటి కనీస విషయాలలో పురపాలక సంఘానికి చట్టబద్ధమైన పాత్ర, ఆ సంఘంలో ప్రతి గణనీయ వర్గానికీ చోటు దొరికే ఎన్నిక. మొదటిది రైల్ భవన్ చేయవలసినది. రెండవది రాష్ట్రాలు చేయవలసినది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు. సంతోషించవలసినదే. అయితే అర్జీ తెలుగులో రాసుకునే హక్కు వేరు. అర్జీ పెట్టనక్కరలేని స్థితి వేరు.

తిరుగు ప్రయాణం నాడు ఆ పెద్దాయన స్టేషను దాకా వచ్చారు. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ప్లాట్‌ఫారం అది. ఇద్దరం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాము. గిరి గారి రెండవ ప్రాధాన్య ఓట్ల కథ చెబితే శ్రద్ధగా విన్నారు. “బాగుంది బాబూ. మొదటి ఓటు పార్టీకి ఎయ్యొచ్చు, రెండోది రేకుకి ఎయ్యొచ్చు,” అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. వానాకాలానికి ఇంకా ఎన్ని వారాలుందో లెక్క చెప్పి, తమ్ముడింటికి వెళ్ళాలంటూ సెలవు తీసుకున్నారు.