జడ వేసిన జుట్టును ఇంగ్లీష్‌లో ఏమంటారు?



‘డిస్క్రైబ్ యువర్ ఫ్రెండ్’ అని అడిగితే పిల్లలు చాలామంది ‘లాంగ్ హెయిర్’, ‘బ్లాక్ హెయిర్’ దగ్గరే ఆగిపోతారు. రోజూ పొద్దున్నే మీరు వేసే జడకు మాట దొరకదు. ఆ మాట ‘ప్ల్యాటెడ్’.

అర్థం: పాయలు తీసి అల్లిన. స్పెల్లింగ్‌లో ఏ పక్కన ఐ ఉంటుంది కాబట్టి ‘ట్రెయిన్’ లాగా ‘ప్లెయిటెడ్’ అని చదివేస్తారు. బ్రిటిష్ ఉచ్చారణలో మాత్రం అది ‘క్యాట్’ లాగా ‘ప్ల్యాట్’. అమెరికాలో ఇదే అర్థానికి ‘బ్రెయిడెడ్’ అంటారు.

వాడుక: ‘షి హ్యాజ్ ప్ల్యాటెడ్ హెయిర్’ అనవచ్చు, ‘హర్ హెయిర్ ఈజ్ ప్ల్యాటెడ్’ అనీ అనవచ్చు. తలమీద జుట్టంతటికీ ‘హెయిర్’ చాలు, ‘హెయిర్స్’ అనకూడదు. రెండు జడలైతే ‘టూ ప్ల్యాట్స్’.

‘లాంగ్’, ‘కర్లీ’ అనేవి జుట్టు ఎలా ఉందో చెబుతాయి. ‘ప్ల్యాటెడ్’ అనేది దానికి ఒకరు చేసిన పనిని చెబుతుంది. మన ఊరి భామాకలాపమే ఉదాహరణ. సత్యభామ ప్రవేశంలో ముందు తెర మీదుగా జడ కనిపిస్తుంది. పద్మశ్రీ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పురుషుడై ఉండి సత్యభామ వేషానికి పేరు పొందారు. ఆ జడ పుట్టుకతో వచ్చింది కాదు. అల్లి, పూలు, నగలు పెట్టి అమర్చింది. దాన్ని ‘లాంగ్’ అని వదిలేస్తే అందులోని పనంతా మరుగున పడిపోతుంది.

ఇదే తేడా ‘ఆయిల్డ్’, ‘ఆయిలీ’ మాటల మధ్య కూడా ఉంది. ‘ఆయిల్డ్’ అంటే నూనె రాసిన. ‘ఆయిలీ’ అంటే జిడ్డుగా ఉన్న. అమ్మ నూనె రాసి పంపిన పాపను తోటిపిల్లలు ‘ఆయిలీ’ అంటే అది వెక్కిరింతే అవుతుంది. మర్నాడు ఆ పాప ‘నూనె వద్దమ్మా’ అంటుంది. సరైన మాట తెలిస్తే ‘మై హెయిర్ ఈజ్ ఆయిల్డ్ అండ్ ప్ల్యాటెడ్’ అని తల ఎత్తుకుని చెప్పగలదు. అబ్బాయిలకూ ఈ తేడా తెలియాలి, ఆ మాట వాళ్ల నోటా వస్తుంది కాబట్టి.

రేపు జడ వేస్తూ పాప చేత ఒక్క వాక్యం చెప్పించండి: ‘మై మదర్ ప్ల్యాట్స్ మై హెయిర్.’ నాన్నగారు వేస్తే ‘మై ఫాదర్’ అని చెప్పించండి. అమ్మమ్మ వేస్తే ‘మై గ్రాండ్‌మదర్’. మీరు ఇంగ్లీష్ చదవకపోయినా ఈ పాఠం మీ ఇంట్లోనే అయిపోతుంది.