సస్కటూన్‌లో నేల కదిలితే

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసరాల్లో భూమి కంపించింది. తీవ్రత 5.3. సమ్మక్క సారలమ్మల అడవి నుంచి బయలుదేరిన ఆ కదలిక వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. గిన్నెలు గలగలమన్నాయి, ఫ్యాన్లు ఊగాయి, జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం జరగలేదు.

అప్పుడు సస్కటూన్‌లో టైము డిసెంబరు 3 రాత్రి 7 గంటల 57 నిమిషాలు. సస్కచెవాన్‌లో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు కాబట్టి ఇండియాకీ మనకీ తేడా ఏడాది పొడుగునా పదకొండున్నర గంటలే. అంటే ఇక్కడ భోజనాలవేళ. అక్కడ అమ్మానాన్నలు కాఫీ తాగే వేళ. ఇలాంటి వార్త వాట్సాప్‌లో కనబడగానే ప్రతి తెలుగింట్లోనూ మొదట చేసే పని ఇంటికి ఫోన్ కలపడం. "అంతా బాగానే ఉన్నాం" అనే మాట విన్నాక వచ్చే ప్రశ్నలు రెండు. మన తెలంగాణలో భూకంపమేమిటి? ఇక్కడ, ఈ బల్లపరుపు ప్రెయిరీలో కూడా వస్తుందా?

రెండూ పాత నేలలే

రెండు ప్రశ్నలకీ జవాబు దాదాపు ఒకటే. దక్కన్ పీఠభూమి అడుగున ఉన్నదీ, సస్కచెవాన్ అడుగున ఉన్నదీ భూమ్మీద అతి పురాతనమైన రాళ్లలో కొన్ని. జపాన్‌లాగా, మన పక్క రాష్ట్రం దాటితే వచ్చే బ్రిటిష్ కొలంబియా తీరంలాగా ఇక్కడ భూఫలకాలు ఒకదాన్నొకటి రాసుకోవు. అందుకే భూకంపాలు అరుదు. కానీ అరుదు అంటే అసలు రావని కాదు. లోపల ఎప్పటివో పాత పగుళ్లు ఉంటాయి. ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుని ఒకరోజు అక్కడ జారుతుంది. గోదావరి లోయ వెంట ఉన్న పగుళ్లు అలాంటివే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో తీవ్రత 5 దాటిన భూకంపం వచ్చింది. తర్వాత ఒక తరమంతా అంతటి కుదుపు ఎరగకుండా పెరిగింది కాబట్టే 2024లో అందరూ అంతగా ఉలిక్కిపడ్డారు.

ఇక్కడి కథ ఇంకా పాతది. 1909 మే 15 రాత్రి సస్కచెవాన్, మోంటానా, నార్త్ డకోటాల సరిహద్దు దగ్గర సుమారు 5.5 తీవ్రతతో భూమి కదిలింది. ఈ ప్రాంతంలో ఇప్పటిదాకా నమోదైన వాటిలో అదే పెద్దది. ప్రెయిరీ రాష్ట్రాలన్నిటా జనానికి తెలిసింది. పాత గట్టి రాయి కంపనాన్ని ఎక్కువ దూరం మోసుకుపోతుంది. అప్పటికి సస్కచెవాన్ రాష్ట్రమై నాలుగేళ్లు, సస్కటూన్ నగరమై మూడేళ్లు. ఊళ్లు చిన్నవి, ఇళ్లు పలచన, కాబట్టి నష్టం స్వల్పం. అదే ఇప్పుడు వస్తే దాని కింద ఉండే ఇళ్లూ పైపులూ ఎన్నో రెట్లు ఎక్కువ.

పొటాష్ గనుల చప్పుడు

సస్కచెవాన్‌లో ఈనాటి చిన్న కుదుపుల్లో చాలావాటికి మాత్రం కారణం వేరే ఉంది. అది మనకి బాగా తెలిసిన వస్తువే. సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఒక సముద్రం ఎండిపోయి ఉప్పు పొరలు మిగిల్చింది. 1943లో చమురు కోసం తవ్వుతుంటే అందులో పొటాష్ బయటపడింది. ఇప్పుడు సస్కటూన్ చుట్టూ కోరీ, వాన్‌స్కాయ్, అలన్, కొలొన్సే, లానిగన్‌లలో గనులున్నాయి. చాలాచోట్ల తవ్వకం నేల కింద కిలోమీటరు లోతున సాగుతుంది. ఉప్పు తీసిన ఖాళీ మెల్లమెల్లగా మూసుకుంటుంటే పైనున్న సున్నపురాయి ఒక్కోసారి పగులుతుంది. ఆ పగులే మనకి చిన్న భూకంపం. ఇవి సాధారణంగా 4 తీవ్రత లోపే ఉంటాయి.

ఇండియాకి కావలసిన పొటాష్ దాదాపు అంతా బయటినుంచే రావాలి. దాన్ని పంపే దేశాల్లో కెనడా ఒకటి. ఇక్కడి పొటాష్‌ను విదేశాలకి అమ్మే కాన్‌పొటెక్స్ సంస్థ ప్రధాన కార్యాలయం సస్కటూన్‌లోనే ఉంది. మనవాళ్లు వరికీ అరటికీ వేసే పొటాష్ బస్తా ఒకటి ఈ నేల అడుగునుంచే వెళ్లి ఉండొచ్చు.

తీవ్రత అంకెల గురించి ఒక మాట. ఒక్క అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. 3.3 కుదుపుతో పోలిస్తే మేడారం 5.3 వెయ్యి రెట్లు. కాబట్టి ఇక్కడి చిన్న కుదుపు ఇంటి ముందు స్నో తీసే బండి వెళ్లినట్టో, గూడ్సు రైలు పోయినట్టో అనిపించి ఆగిపోతుంది. మైనస్ ముప్ఫైలో రాత్రిపూట ఠాప్‌మని వినబడితే అది భూకంపమే కానక్కర్లేదు. చలికి ఇంటి చెక్క బిగుసుకున్నా, తడి నేల గడ్డకట్టి పగిలినా అలాగే వినిపిస్తుంది.

పరుగెత్తాలా, కూర్చోవాలా?

అసలు చిక్కు ఇక్కడుంది. భూకంపం అనగానే బయటికి పరుగెత్తమని మనం చిన్నప్పటినుంచీ విన్నాం. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర భూమి కంపించి వేలమంది చనిపోయారు. ఆ కుదుపు హైదరాబాద్‌లోనూ తెలిసింది. కిల్లారిలో ప్రాణాలు తీసింది భూమి కాదు, ఇళ్లు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటిమీద బరువైన మట్టి కప్పు నిద్రలో ఉన్నవాళ్లమీద కూలాయి. అలాంటి ఇంట్లో గుమ్మం పక్కనే ఉండి, ఎదురుగా ఖాళీ జాగా ఉంటే బయటపడటం సబబే.

సస్కటూన్ ఇళ్లు చెక్క చట్రంతో కట్టినవి. కుదుపుకి వంగుతాయి, తేలిగ్గా కూలవు. ఇక్కడ దెబ్బలు తగిలేది ఎక్కువగా పడే వస్తువులవల్ల, పగిలే అద్దాలవల్ల, మెట్లమీద పరుగువల్ల. అందుకే కెనడాలో చెప్పే పద్ధతి మూడు ముక్కలు: వంగండి, బల్ల కింద తల దాచుకోండి, గట్టిగా పట్టుకోండి. పైగా జనవరిలో కోటు, బూట్లు లేకుండా, చంటిపిల్లతో బయటికి ఉరికితే కుదుపుకన్నా చలే ప్రమాదం.

ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ సంగతి వాళ్లకి ముందే చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని బల్ల కింద దూరమనలేం. అలాంటివాళ్లు కుర్చీలోనే వంగి చేతులతో తల కప్పుకుంటే చాలు. మంచంమీద ఉంటే అక్కడే ఉండి దిండు తలమీద పెట్టుకోవచ్చు.

ఒక ఆదివారం సరిపోయే పనులు

బేస్‌మెంటులో వేడినీళ్ల ట్యాంకునీ, హాల్లో పొడుగాటి పుస్తకాల బీరువానీ గోడకి బిగించండి. మంచం తలవైపు బరువైన పటాలు వద్దు. అవకాయ జాడీలు పై అరలోంచి కిందికి దించండి. కుదుపు తర్వాత కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తే అది గ్యాసు. స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, అక్కడినుంచి ఫోన్ చేయండి. 72 గంటలకి సరిపడా నీళ్లు, తిండి, మందులు, టార్చి సిద్ధంగా పెట్టుకోమని కెనడా ప్రభుత్వం చెబుతుంది. భూకంపం రాకపోయినా మంచు తుఫానుకి ఆ సంచి పనికొస్తుంది. ఇంటి ఇన్సూరెన్సులో భూకంపం సాధారణంగా కలిసి ఉండదు, విడిగా చేర్చుకోవాలి. మీ పాలసీ తీసి ఒకసారి చూసుకోండి. కుదుపు తెలిస్తే ఎర్త్‌క్వేక్స్ కెనడా వెబ్‌సైటులో ఎక్కడ, ఎలా అనిపించిందో రాయండి. అరుదుగా కదిలే నేల గురించి శాస్త్రజ్ఞులకి అలాంటి ప్రతి కబురూ విలువైనదే.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకొక్క ప్రశ్న అడగండి. ఊళ్లో ఇల్లు దేనితో కట్టింది, ఎన్నాళ్లయింది, గోడలు పగుళ్లిచ్చాయా, అమ్మానాన్నలు పడుకునే గది మీద ఏముంది? ఇటునుంచి మనం భూమిని ఆపలేం. ఆ గోడ బాగుచేయించడానికి డబ్బు పంపగలం.