అర్ధరాత్రి సూర్యుణ్ణి నమ్మకండి!

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడొక కొత్త సరదా బయలుదేరింది. వేసవికి అమ్మా నాన్నా వెళ్లినప్పుడు నయాగరా, న్యూయార్కు చూపించి సరిపెట్టకుండా, "ఈసారి అలాస్కా వెడదాం" అంటున్నారు. పెద్దవాళ్లకి ఓడ ప్రయాణం, హిమానీనదాల దర్శనం. కుర్రకారుకి కొండలెక్కడం, కయాక్ పడవలు నడపడం, వాగుల్లో తెప్పల మీద షికారు, అడవిలో డేరాలు వేసుకుని రాత్రుళ్లు గడపడం.

తప్పకుండా వెళ్లవలసిన చోటే. మన దేశంలో సగం కంటె పెద్దదైన ఆ రాష్ట్రంలో మన విజయవాడలో ఉన్నంత జనాభా కూడా లేదు. కొండలూ, నదులూ, అడవులూ మాత్రం కావలసినన్ని. అయితే బయలుదేరేముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. "అక్కడ మంచు కురుస్తుందా? ఎలుగుబంట్లు మీద పడతాయా?" అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "తడిస్తే ఏమవుతుంది?" అన్నది ఆ ప్రశ్న. ఉత్తరాది వేసవిలో ఆపద ఎక్కువగా తడి రూపంలో, చన్నీళ్ల రూపంలో వస్తుంది. అదీ మంచి వెలుతురున్న పూట, ఎవరూ అనుకోని వేళ వస్తుంది.

పొద్దుగుంకని ఊళ్లు

భూమి ఇరుసు కాస్త వాలి ఉండటం వల్ల, 66.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన వేసవిలో కొన్నాళ్లు సూర్యుడు అస్తమించడు. అలాస్కా ఉత్తరపు కొసనున్న ఉట్కియాగ్విక్ అనే ఊళ్లో మే రెండో వారంలో పైకి వచ్చిన సూర్యుడు మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనే కిందికి దిగేది. ఫెయిర్‌బాంక్స్ పట్టణం అంతకంటె చాలా దక్షిణాన ఉంది. అయినా జూన్ 21 ప్రాంతంలో అక్కడ పగలు దాదాపు 22 గంటలు. మిగిలిన రెండు గంటలూ కూడా చీకటి పడదు, సంధ్య వెలుగే. ఆ ఊళ్లో 1906 నుంచి రాత్రి పది గంటల వేళ దీపాలు లేకుండా బేస్‌బాల్ ఆడే ఆనవాయితీ ఉందంటే ఊహించుకోండి. నార్వేలోని ట్రోమ్సో వంటి ఊళ్లలోనూ ఇదే తంతు.

మనకు నిద్ర రావడానికి మెలటోనిన్ అనే హార్మోను సాయం చేస్తుంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది. కంటికి వెలుతురు తగులుతున్నంతసేపూ ఆ పని మందగిస్తుంది. అంచేత అక్కడ రాత్రి పదకొండైనా నిద్ర రాదు, "ఇంకా బోలెడు పొద్దుంది" అనిపిస్తుంది. ఇంకో మైలు నడుద్దాం, ఇంకో కొండ ఎక్కుదాం అనుకుంటారు. ఒళ్లు మాత్రం లోలోపల అలసిపోతూనే ఉంటుంది. నిద్ర చాలని మనిషికి కాలు తడబడుతుంది, బుద్ధి మందగిస్తుంది, చలికి తట్టుకునే శక్తి తగ్గుతుంది.

అంచేత అక్కడ పొద్దును చూసి నడుచుకోవద్దు. గడియారం చూసి తినండి, గడియారం చూసి పడుకోండి. పడుకునే ముందు ఒక గంట గదిలో తెరలు దించి వెలుతురు తగ్గించండి. కళ్లకు కట్టుకునే నల్లటి పట్టీ ఒకటి సంచిలో ఉంచుకోండి. వేసవిలో అలాస్కా కాలం మన కాలానికి 13 గంటల 30 నిమిషాలు వెనక. మన దేశం నుంచి నేరుగా వెళ్లేవారు మొదటి రెండు రోజులూ కొండలకీ పడవలకీ పోకుండా విశ్రాంతి తీసుకోవాలి.

ఒళ్లు చల్లబడిపోవడం

మన శరీరం లోపలి వేడి మామూలుగా 37 సెంటీగ్రేడు డిగ్రీలు. అది 35 కంటె తగ్గితే హైపోథెర్మియా అంటారు. మంచులో చిక్కుకుంటేనే ఈ స్థితి వస్తుందని చాలామంది అపోహ. చిరుజల్లు, కాస్త ఈదరగాలి, తడిబట్టలు, ఖాళీ కడుపు, అలసట... ఇవి అయిదూ కలిస్తే బయట 10 డిగ్రీల చలి చాలు. అలాస్కా తీరంలో అలాంటి పూటలు వేసవిలో మామూలే. పొద్దున్న ఎండ కాసిన కొండ మీద మధ్యాహ్నానికి వాన, గాలి రావడం అక్కడ వింత కాదు.

ఇక్కడ మన అలవాటే మనకు శత్రువవుతుంది. నూలు బట్టలు ఒంటికి మంచివని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. మన ఎండలకు అది నిజం. నూలు చెమటను పీల్చుకుంటుంది, ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కొత్తకుండలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రం మీదనే. ఇక్కడ హాయినిచ్చిన ఆ గుణమే అక్కడ ఒంట్లో వేడిని దోచేస్తుంది. జీన్సు పాంటు కూడా నూలే, తడిస్తే ఒక పట్టాన ఆరదు. ఒంటిని అంటి పలచని ఉన్ని బనీను గాని పాలియెస్టరు బనీను గాని, దాని మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటికీ పైన గాలీ వానా చొరని కోటు... ఈ మూడు పొరలూ ఉండాలి. ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుతుంది. తలకు టోపీ, చేతులకు తొడుగులు, మారు మేజోళ్లు మరవద్దు. చీర కట్టుకునే అమ్మలు ఆ నాలుగు రోజులూ సల్వారు గాని పాంటు గాని వేసుకోవడం మేలు. తడిసిన చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే చలికి చలీ, పడిపోయే ప్రమాదానికి ప్రమాదం.

పోల్చుకోవడం ఎలా?

మొదట వణుకు వస్తుంది. తర్వాత వేళ్లు మాట వినవు, చొక్కా బొత్తాం పెట్టుకోలేరు. నాలుక మందమై మాట ముద్దగా వస్తుంది. నడకలో తూలుతారు. ఊరికే చిరాకు పడతారు. పలకరిస్తే "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అంటారు. తన స్థితి తనకు తెలియకపోవడమే ఈ జబ్బులో ఉన్న చిక్కు. అంచేత ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి.

ముఖ్యమైన సంగతి ఒకటి. అప్పటిదాకా గజగజ వణుకుతున్న మనిషిలో వెచ్చగా చెయ్యకుండానే వణుకు ఆగిపోతే, "హమ్మయ్య, సర్దుకుంది" అనుకోకండి. శరీరం వేడి 32 డిగ్రీల దగ్గరికి జారిపోయి, వణికే శక్తి కూడా ఉడిగిపోతోందన్నమాట. అది ప్రాణం మీదికి వచ్చిన ఘడియ.

ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?

గాలి తగలని చోటికి చేర్చండి. తడిబట్టలు విప్పి పొడిబట్టలు తొడగండి, రగ్గులు కప్పండి. చల్లటి నేల మీద పడుకోబెట్టకుండా కింద కూడా మందంగా పరవండి. వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి ఛాతీ దగ్గర, చంకల్లో పెట్టండి. స్పృహ ఉండి, మింగగలిగితే పంచదార బాగా వేసిన వేడి పాలో, టీయో తాగించండి.

చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. నిప్పుసెగ దగ్గర కూర్చోబెట్టి కాళ్లూ చేతులూ కాచకూడదు. బ్రాందీ పోస్తే వేడి పుడుతుందన్నది వట్టి మాట. సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. వణుకు ఆగిన మనిషిని నడిపించకూడదు, కుదపకూడదు, పడుకోబెట్టే తరలించాలి. చల్లబడి కదలిక లేకుండా ఉన్నవారిని చూసి ప్రాణం పోయిందని వదిలెయ్యకూడదు. శ్వాస లేకపోతే గుండె మర్దన, కృత్రిమ శ్వాస మొదలుపెట్టి వైద్యసహాయం అందేదాకా సాగించాలి. అలా బతికి బయటపడ్డవాళ్లున్నారు.

నీళ్లలో పడితే

ధనుర్మాసంలో తెల్లవారుజామున చన్నీళ్ల చెంబు నెత్తిన పడగానే "హా" అని ఊపిరి లోపలికి లాగేస్తాం. అలాస్కా సముద్రం వేసవిలో కూడా 10 డిగ్రీల చుట్టుపక్కలే. హిమానీనదాల నుంచి వచ్చే నదులు ఇంకా చల్లన. అందులో ఒళ్లంతా ఒక్కసారి మునిగితే ఆ "హా" ఎంత బలంగా వస్తుందో ఊహించండి. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీళ్లే. గజ ఈతగాళ్లు కూడా ఇలాగే పోతారు. గాలి కంటె నీరు ఒంట్లో వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీటి ప్రమాదాల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేసి, ఒక తేలిక లెక్క చెప్పారు. 1–10–1. మొదటి 1 నిమిషం కంగారు పడకుండా ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత 10 నిమిషాలే చేతులూ కాళ్లూ చెప్పినట్టు వింటాయి. ఆ లోగా పడవ పట్టుకోవడమో, గట్టెక్కడమో చెయ్యాలి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే ఆ గంటసేపూ తల నీటిపైన ఉంటే బతికే అవకాశం ఉందన్నమాట. తలను పైన ఉంచేది లైఫ్ జాకెట్టు. పడవ ఎక్కేముందే తొడుక్కుని పట్టీలు బిగించుకోవాలి. నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం వేళ్లు మొద్దుబారినవారికి సాధ్యం కాదు. అలాస్కాలోని హోమర్ ఊళ్లో 1996లో మొదలైన ఒక పథకం కింద రేవుల దగ్గర పిల్లలకు లైఫ్ జాకెట్లు ఉచితంగా ఎరువిస్తారు. అక్కడే పుట్టిపెరిగిన పిల్లలకే ఆ జాగ్రత్త ఉంటే, మనకు ఎంత ఉండాలి!

సాయంత్రం పొంగే నదులు

మన వాగులు వాన పడితే పొంగుతాయి. హిమానీనదాల కింద పుట్టిన వాగులు ఎండ కాస్తే పొంగుతాయి. పగలల్లా మంచు కరిగి మధ్యాహ్నం, సాయంత్రం వేళ నీరు పెరుగుతుంది. తెల్లవారుజామున తగ్గుతుంది. పొద్దున్న మోకాలి లోతున దాటిన వాగు తిరిగి వచ్చేసరికి నడుం దాటి ఉండవచ్చు.

1992లో క్రిస్టఫర్ మెకాండ్లెస్ అనే 24 ఏళ్ల యువకుడు అలాస్కా అడవిలోకి ఒంటరిగా వెళ్లాడు. ఏప్రిల్‌లో తేలిగ్గా దాటిన టెక్లానికా నది, జులైలో అతను తిరిగి వద్దామనుకునేసరికి ఉధృతంగా పారుతోంది. వెనుదిరిగి, పాడుబడ్డ బస్సులో తలదాచుకుని, ఆగస్టులో తిండి లేక మరణించాడు. అతని కథ పుస్తకంగా, సినిమాగా వచ్చాక, ఆ బస్సును చూడటానికి వెళ్లి అదే నదిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చివరికి 2020లో హెలికాప్టరుతో ఆ బస్సునే అక్కణ్ణించి ఎత్తుకుపోయారు. దాటవలసిన వాగు ఉంటే తెల్లవారుజామునే దాటండి. అనుమానం కలిగితే వెనుదిరగండి. అది పిరికితనం కాదు.

దోమ, నీరు, ఆకు, జంతువు

అలాస్కా రాష్ట్ర పక్షి దోమ అని అక్కడివారు హాస్యమాడతారు. అంత విస్తారం. మన దోమల్లా మలేరియా తీసుకురావు గాని, పిల్లల ఒళ్లు దద్దురులతో నింపేస్తాయి. పొడుగు చేతుల లేతరంగు బట్టలు, ముఖానికి దోమవల, బయటి చర్మానికి డీట్ మందు వాడండి.

కొండవాగు నీరు అద్దంలా మెరుస్తుంది. అందులో జియార్డియా అనే కంటికి కనపడని క్రిమి ఉండవచ్చు. తాగితే వారాల తరబడి విరేచనాలు, కడుపుబ్బరం. తెర్లేలా ఒక నిమిషం కాచి తాగండి.

దారి పక్కన తెల్లపూల గుత్తులతో, వెడల్పాటి ఆకులతో, మనిషెత్తు పెరిగే మొక్కను అక్కడ పుష్కీ అంటారు. దాని రసం తగిలిన చర్మానికి ఎండ సోకితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. వెంటనే సబ్బుతో కడిగి, ఆ చోట ఎండ తగలకుండా కప్పండి.

ఎలుగు ఎదురైతే పరుగెత్తకూడదు. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి తగ్గాలి. మూస్ అనే పెద్ద దుప్పి మీదికి వస్తే మాత్రం పరుగెత్తి చెట్టు చాటుకు పోవాలి. ఈ రెండూ తారుమారు చెయ్యకండి.

బి.పి., షుగరు ఉన్నవారికి

చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెనొప్పి ఉన్నవారు చలిగాలిలో ఎదురెక్కుడు నడక పెట్టుకోకూడదు. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరు జేబులో ఉంచుకోవాలి. వయసు మీరినవారికీ, థైరాయిడ్ మందగించినవారికీ ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది. వాళ్లకి అందరికంటె ఒక పొర ఎక్కువ వెయ్యండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కోటు లోపలి జేబులో పెట్టుకోండి. షుగరు పడిపోయినా, ఒళ్లు చల్లబడినా వణుకూ తికమకా ఒకేలా కనిపిస్తాయి. ఏదో తేలనప్పుడు స్పృహ ఉన్న మనిషికి ముందు తీపి ఇవ్వడం మంచిది. రెండిటికీ అది మేలే చేస్తుంది.

రాష్ట్ర రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు. విమానమో, ఓడో ఎక్కాలి. మారుమూల జబ్బు చేస్తే ఆకాశమార్గాన తరలించవలసిందే. ఆ ఖర్చు మీ ఇన్సూరెన్సు భరిస్తుందా, పాత జబ్బులకు వర్తిస్తుందా అన్నది ఇంటి దగ్గరే చదువుకోండి. రెండు వారాలకు సరిపడా మందులు అదనంగా తీసుకెళ్లండి.

ఇక ఆఖరు మాట. చాలా చోట్ల సెల్‌ఫోను పనిచెయ్యదు. ఏ దారిన వెడుతున్నారో, గడియారం లెక్కన ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒక కాగితం మీద రాసి, దిగిన చోట బాధ్యత గలవారికి ఇచ్చి వెళ్లండి. చీకటి పడలేదు కదా అని ఎవరూ మీకోసం వెతకడం మొదలుపెట్టకపోవచ్చు. ఆ కాగితం మీదున్న గంట దాటితే మాత్రం తప్పక వెతుకుతారు.