మదరాసు సైన్యమున సిపాయి పదోన్నతి

పదునెనిమిదవ శతాబ్దిలో వంగదేశమున కంపెనీ సిపాయిలను జనులు 'తిలంగాలు' అనుచుండిరి. 1756లో క్లైవు చెన్నపట్టణమునుండి ఓడలపై గొనిపోయిన సిపాయిలనుబట్టి ఈ వ్యవహారము స్థిరపడినది. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా తెలుగువారు మదరాసు సైన్యమున కొలువు చేసిరి. ఆ కొలువులో వారు ఎంతవరకు ఎదుగగలిగిరో తెలిసినచో, బెంగుళూరు, బళ్ళారి, వేలూరు, కామఠీ వంటి దండు ఊళ్ళలో తెలుగు కుటుంబములు నిలిచిపోవుటకు గల కారణములలో ఒకటి బోధపడును.

సిపాయికి పై ముఖ్యమైన మెట్లు నాలుగు: నాయక్, హవల్దారు, జమేదారు, సుబేదారు. బెంగాలు సైన్యమున ఈ మెట్లెక్కుటకు కొలువులో గడచిన ఏండ్లే ప్రమాణము. అందుచేత తల నెరసిన పిదపగాని జమేదారు పదవి లభించెడిది కాదు. మదరాసు, బొంబాయి సైన్యములందు యోగ్యతకే ప్రాధాన్యమీయబడెను. దీనివలన సమర్థుడు నడివయసుననే పైకి రాగలిగెను. అయితే యోగ్యతను నిర్ణయించువాడు పటాలపు దొరయే గనుక, అతని యనుగ్రహము లేనివానికి ఆ పద్ధతివలన మేలు కలుగలేదు. 1857 తిరుగుబాటు తరువాత, 1859లో పీలు కమిషను సైన్యమంతటను యోగ్యతనే పాటింపవలెనని సూచించెను.

సుబేదారు శ్రేణికి పైన మాత్రము తలుపు మూయబడియుండెను. తొలినాళ్ళలో ఇట్లు లేదు. 1750-60 నడుమ యూసఫ్ ఖాన్ కంపెనీ సిపాయిల కందఱకును అధిపతిగా నుండెను. క్రమముగా పటాలములు తెల్లదొరల యధీనమయ్యెను. 1796 నాటి పునర్వ్యవస్థలో వారి సంఖ్య మఱింత పెరిగెను. ముప్పదియేండ్లు సేవ చేసిన సుబేదారైనను, నిన్న చేరిన తెల్ల ఎన్‌సైనుకు లోబడవలసినదే. ఈ కొఱతను బిరుదులతో పూడ్చుటకై 1837లో 'ఆర్డరు ఆఫ్ బ్రిటిష్ ఇండియా' నెలకొల్పబడెను. అందు మొదటి తరగతివారు సర్దారు బహద్దరులు, రెండవ తరగతివారు బహద్దరులు. బిరుదుతో దినభత్యము వచ్చెను గాని అధికారము రాలేదు.

తనకు తెఱువని దారిని సిపాయి తన సంతానమునకై వెదకుకొనెను. మదరాసు సిపాయిలు భార్యాబిడ్డలతో పటాలపు లైనులలోనే కాపురముండెడివారు; పటాలము కదలినప్పుడు కుటుంబములును కదలెను. సిపాయిల కుమారులలో కొందఱిని 'రిక్రూటు బాయిలు'గా చేర్చుకొని, కొలది జీతమిచ్చి, వయసు రాగానే సిపాయిలుగా తీసికొనెడివారు. ఇట్లు కొలువు తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను. ఎన్నో ఊళ్ళు తిరిగిన కుటుంబమునకు స్వగ్రామముతో సంబంధము సన్నగిల్లి, పింఛను పుచ్చుకొనునాటికి దండు ఊరే సొంత ఊరయ్యెను.

1880ల తరువాత ఉత్తరదేశపు జాతులే యుద్ధయోగ్యములన్న వాదము ప్రబలి, మదరాసు పటాలములు తగ్గింపబడెను. తెలుగువారి చేరికయు క్షీణించెను. మూయబడిన తలుపు తెఱచుకొన్నది ఆ పిమ్మటనే. 1918లో శాండ్‌హర్స్టు శిక్షణాలయమున ఏటేట పదిమంది భారతీయులకు చోటు దొరకెను. 1932లో డెహరాడూనులో సైనిక విద్యాలయము వెలసెను. నేడు సాధారణ సిపాయి సైతము పరీక్షలో నెగ్గి, ఆర్మీ కేడెట్ కాలేజీలో చదివి అధికారి కావచ్చును. 1965లో జమేదారు పదవికి నాయబ్ సుబేదారని పేరు మార్చిరి. కాబట్టి పాత పింఛను కాగితములలో 'జమేదారు', 'సుబేదారు' అను మాటలు కనబడినచో, అవి ఆనాడు భారతీయునకు అందగలిగిన ఉన్నతికి తుదిమెట్లని గ్రహింపవలెను.