పాత ఇంగ్లీషు పిస్తోలు: సుల్తాన్ బజార్ నేపథ్యం, నిర్ధారణకు ఆధారాలు

హైదరాబాదు: సుల్తాన్ బజార్ పరిసరాలలో పాత ఇంగ్లీషు పిస్తోలు ఏదైనా బయటపడినపుడు అది "రెసిడెంటు దొరది" అనే మాట సులభంగా పుడుతుంది. ఆ మాట వార్తగానో, ప్రభుత్వ దస్త్రంగానో మారుటకు ముందు ఆయుధంపై గల ముద్రలు, అది చేతులు మారిన క్రమం, చట్టం అనే మూడు అంశాలను పరిశీలించవలసి ఉంటుంది.

రెసిడెన్సీ బజారు

నిజాం ఆస్థానంలో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో కోఠిలోని రెసిడెన్సీ నిర్మాణం చేపట్టబడింది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దానికి రూపకల్పన చేశారు. నేడు ఆ భవనం చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది. దానిని ఆనుకొని పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి సంక్రమించిన పిదప సుల్తాన్ బజారుగా పేరు పొందింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. అయితే ఈ ప్రాంతంలో లభించినంత మాత్రాన ఏ ఆయుధానికీ ఆ ఘటనతో సంబంధం ఉన్నట్లు కాదు.

ముద్రల సాక్ష్యం

లండను తుపాకీ తయారీదారుల సంఘం 1637లో రాజశాసనం పొందింది. గొట్టాన్ని మందుగుండుతో పరీక్షించి కిరీటంతో కూడిన ముద్రలను వేసేవారు. బర్మింగ్‌హాములో పరీక్షాలయం 1813లో ఏర్పడింది. కంపెనీ ఆయుధాలపై తొలుత హృదయాకార చిహ్నం, 1808 నుండి వెనుక కాళ్లపై నిలిచిన సింహం కనిపిస్తాయి. చెకుముకి రాయికి బదులు పేలుడు రసాయనంతో మందు అంటించే పద్ధతికి అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో పేటెంటు పొందారు.

కిర్క్‌పాట్రిక్ 1805లోనే మరణించారు. కావున సింహం ముద్ర గాని, బర్మింగ్‌హాము పరీక్షాలయ ముద్ర గాని గల పిస్తోలు ఆయనది కాజాలదు. చెకుముకి పిస్తోళ్లను తరువాతి కాలంలో కొత్త పద్ధతికి మార్చుకోవడం కూడ జరిగినందున గొట్టాన్ని, మీట యంత్రాన్ని వేర్వేరుగా పరీక్షించవలెను. "టవర్" అనే అక్షరాలు నకళ్లపైనా ఉంటాయి గనుక అవి మాత్రమే చాలవు.

యాజమాన్య పరంపర

ముద్రలు ఆయుధం వయస్సును సూచించగలవు గాని యజమానిని నిరూపించలేవు. అందుకు పాత లైసెన్సులు, వీలునామాలు, కొనుగోలు రసీదులు అవసరం. రెసిడెన్సీ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోను, నిజాం ప్రభుత్వ దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలోను ఉన్నాయి.

చట్టం

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను, మరమ్మతు చేసినా చేయకున్నా కాల్చుటకు పనికిరాని పురాతన ఆయుధాలకు మినహాయింపునిస్తుంది. పేల్చగల స్థితిలో ఉన్న పిస్తోలుకు వయస్సు ఒక్కటే రక్షణ కాదు. నూరేళ్లు దాటిన కళాఖండాలు, చారిత్రక ప్రాముఖ్యం గల వస్తువులు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు.

స్వాధీనపరచుకొన్న పాత ఆయుధాన్ని తుక్కుగా పరిగణించి కరిగిస్తే అందులోని చారిత్రక సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది. నిపుణుల పరిశీలన, ముద్రల ఛాయాచిత్రాలు, లభించిన స్థలం వివరాలు నమోదైన పిమ్మటనే తుది నిర్ణయం తీసుకోవడం సముచితం.